ఆపరేషన్ అయిపోయింది కదా, హార్మోన్లు ఆపొచ్చా?

"అక్కా, ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా మాత్రలు ఎందుకు?" ఇంగ్లండ్ వచ్చిన మన తెలుగు ట్రాన్స్ అమ్మాయిలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఆపరేషన్ అయినవాళ్లే అసలు ఆపకూడదమ్మా.

వృషణాలు తీసేశాక ఒంట్లో టెస్టోస్టిరాన్ దాదాపుగా తయారు కాదు. బయటినుంచి ఈస్ట్రోజన్ కూడా అందకపోతే ఎముకను కాపాడే సెక్స్ హార్మోను ఏదీ మిగలదు. ఎముక ఒకసారి పెరిగి అలాగే ఉండిపోయేది కాదు, పాతది అరుగుతూ కొత్తది పుడుతూ ఉంటుంది. ఈ హార్మోన్లు లేకపోతే అరుగుదలదే పైచేయి. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. ఎప్పుడో చిన్నగా జారిపడి మణికట్టో తుంటో విరిగితే బయటపడుతుంది. మెనోపాజ్ తర్వాత మన అమ్మలకు జరిగేది ఇదే. మనకు పాతికేళ్లకే మొదలుకావచ్చు. మన దగ్గర నిర్వాణం (హిజ్రా సంప్రదాయంలో మగ అవయవాలు తీసేయడం) చేయించుకుని, ఆ తర్వాత ఏళ్ల తరబడి హార్మోను ముట్టనివాళ్లు ఎంతోమంది ఉన్నారు. నడుం నొప్పి వస్తే వయసు మీద పడిందనుకుంటారు. వాళ్లను తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ మాట వాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

దేశం మారేటప్పుడే ఎక్కువమందికి మందులు ఆగిపోతాయి. అందుకే బయల్దేరే ముందు డిశ్చార్జ్ సమ్మరీ తెచ్చుకోండి. ఏ అవయవం తీసేశారో అందులో స్పష్టంగా రాసి ఉండాలి. మందుల చీటీలో బ్రాండ్ పేరుతో పాటు ఈస్ట్రడియాల్ అన్న అసలు పేరు, మోతాదు రాయించుకోండి. రెండు మూడు నెలల మందులు వాటి ప్యాకింగ్‌తోనే పెట్టుకోండి.

దిగిన వారంలోనే జీపీ, అంటే ఇక్కడ ముందుగా చూసే ఫ్యామిలీ డాక్టర్ దగ్గర రిజిస్టర్ అవ్వండి. వీసాతో పాటు ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌చార్జి కట్టే వచ్చారు కదా, మొహమాటం వద్దు. అడ్రస్ ప్రూఫ్ లేదని రిజిస్ట్రేషన్ కాదనకూడదు. కొందరు జీపీలు "జెండర్ క్లినిక్‌కి రాస్తాం, అప్పటిదాకా ఆగండి" అంటారు. ఆ క్యూ ఏళ్లకు ఏళ్లు ఉంటుంది. అప్పుడు టెన్షన్ పడకుండా ఇలా చెప్పండి: "నాకు వృషణాలు తీసేశారు. నా ఒంట్లో సొంత హార్మోన్లు లేవు. అండాశయాలు తీసేసిన స్త్రీకి మందు ఆపరు కదా, నాకూ అంతే. గ్యాప్ వస్తే ఎముకలు దెబ్బతింటాయి." ఇదే రాసి కూడా ఇవ్వండి, డిశ్చార్జ్ సమ్మరీ జతచేయండి. అప్పటికీ కాదంటే ఇంకో జీపీని చూసుకోండి.

మన దగ్గర చాలామంది చవగ్గా దొరుకుతాయని గర్భనిరోధక మాత్రలు వాడతారు. వాటిలో ఎక్కువగా ఉండేది ఇథినైల్ ఈస్ట్రడియాల్. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి మనకు దాన్ని వాడొద్దంటారు. ఇంతకుముందు గడ్డలు కట్టినవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు, వయసు పైబడినవాళ్లు మాత్రకు బదులు చర్మానికి అంటించుకునే ప్యాచ్ గురించి అడగాలి. స్పైరొనోలాక్టోన్, సైప్రొటెరోన్ లాంటి బ్లాకర్లు, అంటే టెస్టోస్టిరాన్‌ని అడ్డుకునే మందులు, ఆపరేషన్ తర్వాత మామూలుగా అక్కర్లేదు. ఇంకా వేసుకుంటుంటే డాక్టర్‌తో మాట్లాడండి.

ఇక్కడి బ్లడ్ రిపోర్ట్ చూసి హడలిపోకండి. మన ల్యాబులు ఈస్ట్రడియాల్‌ని పికోగ్రాముల్లో ఇస్తాయి, ఇక్కడ పికోమోల్స్‌లో. ఇక్కడి అంకెను 3.67తో భాగిస్తే మన లెక్క వస్తుంది. హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాల్లో ఉండాలని చెప్పిన 100 నుంచి 200 పికోగ్రాములు అంటే ఇక్కడ సుమారు 367 నుంచి 734. రిపోర్టులో 450 చూసి "ఇంత ఎక్కువా!" అని ఎవరికి వాళ్లు మోతాదు సగం చేసుకోకూడదు. విటమిన్ డికి కూడా కొలత వేరే, మన 20 నానోగ్రాములు ఇక్కడ 50 నానోమోల్స్.

విటమిన్ డి మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ అక్టోబర్ నుంచి మార్చి మొదటిదాకా ఎండ ఉన్నా చర్మంలో అది సరిగా తయారు కాదు. ఆ నెలల్లో రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు వేసుకోమని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ అందరికీ చెబుతుంది. మన రంగువాళ్లను ఏడాదంతా వేసుకునే విషయం ఆలోచించమంటుంది. ఇండియన్ షాపుల్లో రాగిపిండి దొరుకుతుంది, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. జావ కాచుకోండి, సంకటి చేసుకోండి. జిమ్‌లో బరువులెత్తితే చేతులు మగవాళ్లలా అవుతాయని భయపడి మానేయకండి, ఎముకకు ఆ బరువు కావాలి. అయితే వీటిలో ఏదీ హార్మోనుకు బదులు కాదు.

ఇక డెక్సా స్కాన్, అంటే ఎముకల సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష. ఇబ్బందేమీ లేనివాళ్లకు 60 ఏళ్లప్పుడు చేయిస్తే చాలంటారు. వృషణాలు తీసేశాక హార్మోన్లు ఆపేసినవాళ్లు మాత్రం అంతదాకా ఆగకూడదు, జీపీని ఇప్పుడే అడగాలి. పడుకుంటే చాలు, సూదులుండవు, కాసేపట్లో అయిపోతుంది. 50 లోపువాళ్లకు సాధారణంగా జెడ్-స్కోర్ చూస్తారు, అంటే మీ ఎముకను మీ వయసువాళ్ల సగటుతో పోల్చే అంకె. దాన్ని మన జెండర్‌కు సరిపోయే లెక్కతో, అంటే స్త్రీల డేటాతో పోల్చాలని ఎముకల సాంద్రత కొలిచే నిపుణుల అంతర్జాతీయ సంఘం 2019లో చెప్పింది. కాబట్టి ఫారంలో సెక్స్ అన్నచోట ఏం నింపారో స్కాన్ చేసేవాళ్లను అడగండి. హార్మోన్లు ఎప్పుడు మొదలుపెట్టారు, ఆపరేషన్ ఎప్పుడు, మధ్యలో ఎన్ని నెలలు ఆపారు, ఈ మూడూ అదే ఫారంలో రాయించండి. రిపోర్ట్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, తర్వాతి స్కాన్‌ని దానితోనే పోల్చి చూడాలి.