చివరి స్టేషన్‌లో దిగాక

అమ్మడూ,

శనివారం అమ్మానాన్నల్ని సెంటోసా దీవికి తీసుకెళ్తున్నా, ఏ టికెట్లు బుక్ చెయ్యాలి బాబాయ్ అని అడిగావు కదా. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నా. ముందు ఒక మాట. ఆ రోజుకి ఏ టికెట్టూ బుక్ చెయ్యకు. మెట్రో రైలు ఊదారంగు లైన్‌లో చివరిదాకా వచ్చి హార్బర్‌ఫ్రంట్‌లో దిగి, అక్కడే ఆగండి. ఆ స్టేషన్‌ని అందరూ సెంటోసా గుమ్మం లాగే చూస్తారు. దిగీ దిగగానే మోనోరైలు కోసం పరుగు. సింగపూర్ వచ్చిన కొత్తలో నేనూ అంతే. గుమ్మంలోనే ఒక సాయంత్రం హాయిగా గడిచిపోతుందని తెలియడానికి మూడేళ్లు పట్టింది.

ముందు రైలు కార్డుల సంగతి. ఒకే కార్డు ఇద్దరికీ పనిచెయ్యదు, గేటు దగ్గర నువ్వు దాటి మీ అమ్మ ఇవతలే ఉండిపోతుంది. ఇద్దరికీ చెరో ఈజీలింక్ కార్డు తీసుకో. మీ నాన్న తన ఇండియా బ్యాంకు కార్డు చూపించి ఇది చాలదా అంటాడు. చాలావరకు పనిచేస్తుంది గానీ పైన వేరే ఫీజు పడుతుంది. ఆ మాట చెబితే ఆయనే కార్డు లోపల పెట్టేస్తాడు. ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునే మనిషి.

పుంగోల్‌లో రైలెక్కేటప్పుడు (మీ నాన్న దాన్ని ఒంగోలు అనే అంటాడు, దిద్దకు) మొదటి పెట్టెలోకి వెళ్లండి. ఈ లైన్‌లో 2003లో మొదలైనప్పటి నుంచీ డ్రైవర్ లేడు. ముందు అద్దం దగ్గర నిలబడితే సొరంగం, పట్టాల వంపు, దూరం నుంచి దగ్గరకొచ్చే స్టేషన్ వెలుగు కనిపిస్తాయి. చిన్నపిల్లలు ఎగబడతారు, వాళ్లతో పోటీపడి మరీ మీ నాన్న నిలబడతాడు. ప్రయాణం అరగంట పైచిలుకు. మ్యాప్ చూసి ఒక ప్రశ్న కూడా వేస్తాడు. హార్బర్‌ఫ్రంట్ ఎన్‌ఈ 1, పక్కనున్న ఔట్రమ్ పార్క్ ఎన్‌ఈ 3, మరి 2 ఏది? మధ్యలో ఎప్పటికైనా స్టేషన్ కడితే పనికొస్తుందని ఆ నంబరు ఖాళీగా ఉంచారు. రైల్లో ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు, జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. మీ పిన్ని ఒకసారి బాటిల్ మూత తీసిందో లేదో, నాలుగు తలలు ఇటు తిరిగాయి. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా గొంతు తడుపుకోలేదు పాపం.

దిగాక ఎస్కలేటర్ల దగ్గర జాగ్రత్త. ఇక్కడవి మన ఊళ్లో వాటికంటే వేగం. మీ అమ్మ చీరలో వస్తే కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకోమను, కాదంటే లిఫ్ట్ వెతుకు, ప్రతి స్టేషన్‌లో ఉంటుంది. ఎస్కలేటర్ మీద ఎడమపక్క నిలబడాలి, కుడిపక్క నడిచేవాళ్లది.

నాలుగున్నరకి అక్కడ ఉండేలా బయలుదేరండి. ఏ నెలలోనైనా పొద్దు గుంకేది ఏడు గంటల ప్రాంతంలోనే, కాబట్టి తొందర లేదు. వివోసిటీ మాల్ బోర్డులు పట్టుకుని వెళ్లి, షాపుల్లో ఇరుక్కోకుండా నేల అంతస్తులో నీటి వైపు తలుపులోంచి బయటపడు. అక్కడ సముద్రం అంటే మన ఆర్కే బీచ్ లాగా అలలు ఊహించుకోవద్దు. ఇరుకైన నీటిపాయ, అవతల సెంటోసా, తల పైకెత్తితే కేబుల్ కారు పెట్టెలు, పక్కన ఒక్కోరోజు ఐదారు అంతస్తుల క్రూయిజ్ ఓడ. కెపెల్ హార్బర్ ఇది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కింద ఓడలు లోపలికి రావడం చూస్తూ పెరిగిన మనిషి మీ నాన్న. ఇక్కడో బెంచీ చూపించి వదిలెయ్, గంటసేపు ఆయన జోలికి పోనక్కర్లేదు. ఈ పాయ మొదట్లో ఇంకా ఇరుకు. పడమటి మూతి దగ్గర నీళ్లలోంచి కోరలా లేచిన రాయి ఉండేది, పాత చైనా నావికులు దాన్ని డ్రాగన్ పంటి ద్వారం అనేవాళ్లు. ఓడలకు అడ్డమని 1848లో తెల్లవాళ్లు పేల్చేశారు. దాని నమూనా లాబ్రడార్ పార్కులో పెట్టారు. సర్కిల్ లైన్‌లో రెండే స్టేషన్లు, ఇంకో రోజు వెళ్లొచ్చు.

అక్కడే ఎర్ర ఇటుకల పాత కట్టడం ఒకటి కనిపిస్తుంది, సెయింట్ జేమ్స్ పవర్ స్టేషన్, 1927 నాటిది. బొగ్గుతో కరెంటు తీసేవాళ్లు. ఇప్పుడది డైసన్ కంపెనీ ఆఫీసు.

సెంటోసా చూడకుండా మీ అమ్మ ఊరుకోదంటే నడిచి వెళ్లండి. మోనోరైలుకి మనిషికి నాలుగు డాలర్లు, బోర్డ్‌వాక్ అనే నడకదారి మీద నడిస్తే ఏమీ లేదు. ఏడు వందల మీటర్లు, పైన కప్పు, కాళ్లు నొప్పెడితే మధ్యలో కదిలే బాట. సెంటోసా అంటే మన సంతోషమే, సంస్కృతం నుంచి మలయ్‌లోకి వెళ్లిన మాట. 1972లో ఆ పేరు పెట్టకముందు ఆ దీవిని బ్లాకాంగ్ మాతి అనేవాళ్లు, చావు వెనకాల అనే అర్థంలో. ఈ రెండో ముక్క తిరిగొచ్చాక చెప్పు, వెళ్లేటప్పుడు కాదు.

ఇక కొండ. ఇక్కడ నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. స్టేషన్ డి ఎగ్జిట్ పక్కనుంచి మరాంగ్ ట్రైల్ అని మెట్లదారి ఫేబర్ కొండ మీదికి వెళ్తుంది. కిలోమీటరు కూడా లేదు కదా అని మా అత్తగారిని పట్టపగలు పదకొండింటికి ఎక్కించాను. ఆ ఉక్కలో సగం దూరానికి ఆవిడ మెట్టు మీద కూలబడి, “తిరుపతి మెట్లెక్కితే పైన దేవుడున్నాడు, ఇక్కడెవరున్నారు నాయనా?” అంది. పైన చిన్నపాటి మెర్లయన్, అదే సింహం తల చేపబొమ్మ, ఒకటి ఉందని చెప్పలేక నోరు మూసుకున్నాను. మీ అమ్మ మోకాళ్లు తెలిసినవే కదా. టాక్సీలో పైకి వెళ్లి, ఓపికుంటే అదే మెట్లదారిన కిందికి దిగండి, లేకపోతే మళ్లీ టాక్సీ. వెలుతురు ఉండగానే దిగాలి, వానపడితే ఆ మెట్లు జారతాయి.

పైనుంచి ఓడరేవంతా కనిపిస్తుంది. ఫేబర్ అంటే ఎవరని అడిగితే మద్రాసు ఇంజనీర్స్ దళంలో కెప్టెన్ అని చెప్పు. 1845లో ఈ కొండ మీదికి రోడ్డు వేయించినాయన. మన సర్కారు జిల్లాలు కూడా అప్పట్లో ఆ మద్రాసు కిందే ఉండేవి, కాబట్టి మీ నాన్నకు ఉపన్యాసం దొరికినట్టే. కొండ మీద ఇంకాస్త నడవగలిగితే హెండర్సన్ వేవ్స్ వంతెన. కింద రోడ్డు 36 మీటర్ల లోతున ఉంటుంది, చెక్క నేల అలల్లా పైకీ కిందికీ వంపు తిరుగుతుంది. ఆ వంపుల్లో కూర్చోవడానికి చోటుంది. కేబుల్ కారు మీద మాత్రం నాకంత మోజు లేదు. హార్బర్‌ఫ్రంట్‌లో ఓ పెద్ద భవనంలోకి దూరి బయటికి వచ్చే ముక్క ఒక్కటే బాగుంటుంది, ఆ కాసేపటికి అంత డబ్బా అనిపిస్తుంది. ఉరుములొస్తే ఆపేస్తారు కూడా.

కిందికొచ్చాక బస్సుల స్టాండ్ దగ్గర సీయా ఇమ్ ఫుడ్ సెంటర్ ఉంది. మాల్‌లో కంటే చవక. మీ నాన్నకి ప్రాటా (మన పరోటాయే), తెహ్ తారిక్ (పైకెత్తి పోసే పాల టీ) ఇప్పించు. టేబుల్ మీద ఓ టిష్యూ పొట్లం ఉంటే ఎవరో వదిలేశారనుకోకు, ఆ చోటు పట్టుకున్నారని అర్థం, దాన్ని చోప్ అంటారు. నేను మొదటిసారి ఆ పొట్లంతోనే చేతులు తుడుచుకున్నాను. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, లేకపోతే దానికీ జరిమానా. శనివారం మీ అమ్మ అక్కడ గరిటెలు చూసి ఏమీ ముట్టదు, అందుకే పులిహోర కట్టుకెళ్లు. వివోసిటీ మూడో అంతస్తు పైకప్పు మీద తోటలా ఉంటుంది, పిల్లలు నీళ్లలో ఆడుతుంటారు. అక్కడ కూర్చుని తినండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. పక్కనే బాతామ్ పడవల బోర్డులు కనిపించి మీ నాన్న “గంటే కదా, ఇండోనేషియా చూసొద్దాం” అంటాడు. అప్పటికప్పుడు సరే అనొద్దు. వాళ్ల సింగపూర్ వీసా ఒక్క ప్రవేశానికా, పలుమార్లకా అన్నది ముందు కాగితం తీసి చదువు. తెలిసిన ఒకాయన అది చూసుకోకుండా వాళ్ల నాన్నగారిని పడవెక్కించబోయాడు, కౌంటర్ దగ్గర అడిగినవాళ్లు పుణ్యం కట్టుకున్నారు గానీ లేకపోతే పెద్దాయన అవతల ఒడ్డునే ఉండిపోయేవాడు.

తిరుగు దారిలో చివరి స్టేషన్ కాబట్టి కూర్చోడానికి సీటు తప్పకుండా దొరుకుతుంది, ఆ వయసువాళ్లకి అదే పెద్ద సుఖం. అదే లైన్‌లో ఫేరర్ పార్క్‌లో దిగితే సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి. శనివారం వెంకన్న దర్శనం అయితే మీ అమ్మ ఆ రోజంతా నిన్ను మెచ్చుకుంటుంది. గుడి మూసే వేళ ముందే ఫోన్లో చూసుకో, మంగళహారతి పోయిందంటే మాట నామీదికే వస్తుంది.

గొడుగు రెండు పెట్టుకో. ఫేబర్ మీద మీ నాన్న ఫోటో ఒకటి తీసి నాకు పంపు, ఓడ వెనకాల పడేట్టు.

మీ బాబాయి