గద్దల పద్దు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో గద్దల మీద నాలుగు వచ్చాయి, అన్నీ మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచే. మొదటి ఉత్తరం చదివాక మిగతా సబ్జెక్టులన్నీ వచ్చే సంచికకి జరిపేశా, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నమస్తే అండీ. మాది కావలి. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండ్‌లో గేట్స్‌హెడ్ అనే ఊళ్ళో ఉంటారు. పోయిన ఏడాది నేను పోయి మూడు నెలలు ఉండొచ్చాను. ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి ఫ్లాస్కులో టీ పోసుకుని, మెళ్ళో బైనాక్యులర్ ఏసుకుని గద్దల్ని చూడ్డానికి పోద్ది, వాన పడతా ఉన్నా పోద్ది. జీతం లేదు ఏం లేదు, వాలంటీర్ అంట. రెడ్ కైట్ గూడు యాడుంది, పిల్లలెన్ని, రెక్క మీద నంబరెంత, ఇయన్నీ రాసి ఇస్తారంట. గద్దని చూడాలంటే మన చేపల మార్కెట్ కాడ నిలబడితే సరిపోద్ది కదమ్మా అన్నా, రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలా. అసలు దానివల్ల ఉపయోగం ఏందో మీరైనా చెప్తారా? (ఒక తల్లి, కావలి)

జవాబు: అమ్మా, ముందే చెప్పేస్తున్నా, నేను మీ అమ్మాయి పక్షం. అయితే మీరు అడిగింది తప్పు ప్రశ్న కాదు, అందుకే కొంచెం వివరంగా రాస్తా.

ఆ రెడ్ కైట్ ఉందే, అది కూడా ఒకప్పుడు లండన్ వీధుల్లో మన మార్కెట్ గద్దల్లాగానే కుప్పలు తెప్పలుగా తిరిగేది. చెత్త, కుళ్ళిన మాంసం తిని వీధులు శుభ్రం చేస్తా ఉందని దాన్ని చంపకూడదని కట్టడి కూడా ఉండేది. తర్వాత రోజులు మారి, 1566లో వచ్చిన చట్టంతో పంటకి చేటు చేసే వాటి జాబితాలో కలిపేసి, చంపి తెచ్చినోళ్ళకి డబ్బులు ఇవ్వడం మొదలుపెట్టారు, ఆ తర్వాత వేట ఎస్టేట్ల కాపలాదార్లు, గుడ్లు పోగేసేవాళ్ళు, విషం ఎరలు, ఇట్టా అన్నీ కలిసి 1871కి ఇంగ్లండ్‌లో, 1879కి స్కాట్లండ్‌లో ఒక్కటి కూడా లేకుండా పోయింది. వేల్స్ కొండల్లో మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

మళ్ళీ 1989లో బయటి నుంచి తెచ్చి వదలడం మొదలైంది. లండన్‌కి దగ్గర్లో ఉండే చిల్టర్న్స్ కొండల్లో ఎక్కువగా స్పెయిన్ పక్షులు, ఉత్తర స్కాట్లండ్‌లో స్వీడన్ పక్షులు, రెండు చోట్లా ఇంచుమించు 90 చొప్పున. ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆగి చదవాలి. ఒకే కాలంలో, ఇంచుమించు అన్నే పక్షుల్ని వదిలారా, 2006 నాటికి చిల్టర్న్స్‌లో 300 జతలు దాటాయి, ఉత్తర స్కాట్లండ్‌లో 40 జతల దగ్గరే ఆగిపోయింది. తిండి తక్కువా అంటే కాదు. గుడ్లు పెట్టడం లేదా అంటే పెడతానే ఉన్నాయి, పిల్లలు బాగానే ఎగిరిపోతా ఉన్నాయి. మరి యాడికి పోయాయి? ఏళ్ళ తరబడి ప్రతి గూడుకీ పద్దు రాసి ఉంది కాబట్టి తేలింది, ఎగిరిన పిల్లల్ని దొంగతనంగా విషం పెట్టి చంపుతా ఉన్నారు అని. ఇంట్లో ఖర్చు పుస్తకం లేకపోతే డబ్బు యాడ పోయిందో తెలీదు కదా, ఇదీ అంతే.

మీ అమ్మాయి ఉండే గేట్స్‌హెడ్ దగ్గర డెర్వెంట్ లోయలో 2004 నుంచి 2006 దాకా 94 పక్షుల్ని వదిలారు. ఆ ప్రాజెక్టు 2009లో ముగిసిపోయింది. జీతాలిచ్చే ప్రాజెక్టు అయిపోయాక పక్షుల్ని ఎవరు చూడాలి? అక్కడి జనమే ఫ్రెండ్స్ ఆఫ్ రెడ్ కైట్స్ అని గుంపుగా ఏర్పడి ఆ పద్దు ఆగిపోకుండా పట్టుకున్నారు. ఆ ఊళ్ళో ఆదివారం పూట గద్దల కోసం వానలో నిలబడ్డం అంటే ఆ పద్దులో ఒక పేజీ నింపడం.

ఆ పని ఎట్టా ఉంటదో కూడా చెప్తా. ఫిబ్రవరి, మార్చిలో, చెట్లకి ఆకు రాకముందే గూళ్ళు వెతకాలి, ఆకొస్తే ఏమీ కనపడదు. జత కలిసి గుండ్రంగా ఎగరతా ఉంటాయి, ఒకటి కాళ్ళతో పుల్ల పట్టుకుని ఒకే చెట్టు గుబురులోకి మళ్ళీ మళ్ళీ దూరతా ఉంటే గూడు అక్కడే అని గుర్తు. గూట్లో గొర్రె బొచ్చు పరుస్తాయి, గుడ్డ పీలికలు, ప్లాస్టిక్ కవర్లు, ఆరేసిన బట్టలు కూడా ఎత్తుకుపోతాయి. ఏప్రిల్‌లో రెండు మూడు గుడ్లు, నెల రోజులు పొదుగుడు, ఏడెనిమిది వారాలకి పిల్ల ఎగరుద్ది. వాలంటీర్లు దూరం నుంచే చూడాలి, గూడు దగ్గరికి పోయి బెదరగొడితే అక్కడ అది నేరం, చెట్టెక్కే పని లైసెన్స్ ఉన్నోళ్ళదే. వాళ్ళు పిల్లకి రెక్కల మీద రంగు ట్యాగ్‌లు తగిలిస్తారు, ఎడమ రెక్క ట్యాగ్ ఏ ప్రాంతమో చెప్తుంది, కుడి రెక్కది ఏ ఏడాది పుట్టిందో చెప్తుంది. ఆరేడేళ్ళ తర్వాత ఎవరో ఆ రెక్క మీద అక్షరం చదివి రాశారంటే ఆ పక్షి వయసు, పుట్టిల్లు రెండూ దొరికినట్టే. చలికాలంలో మాపటేళ అవన్నీ ఒక తోపులోకి చేరి పడుకుంటాయి, అప్పుడు వేరే వేరే తోపుల కాడ జనం ఒకే టైముకి నిలబడి లెక్కపెడతారు, లేకపోతే ఇక్కడ చూసిందే అక్కడా లెక్కలోకి వస్తుంది. మూడు గంటలు నిలబడి ఏమీ కనపడకపోతే "ఏమీ కనపడలేదు" అని రాసి రావాలి, ఆ సున్నా కూడా పనికొచ్చే అంకె. దానికి ఓపిక కావాలమ్మా, మీ బిడ్డకి అది ఉంది.

ఇంకో సంగతి చెప్తే మీకు నచ్చుద్ది. స్పెయిన్‌లో కొన్ని చోట్ల ఇప్పుడు అవే గద్దలు బాగా తగ్గిపోయాయి. 2022లో ఇంగ్లండ్ నుంచి పిల్లల్ని విమానంలో స్పెయిన్‌కి పంపారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది మళ్ళీ పుట్టింటికే చేరింది.

ఇక చేపల మార్కెట్ మాట. రాబందుల గురించి మన పెద్దోళ్ళు సరిగ్గా ఇదే అన్నారు, పశువు చస్తే చాలు దిగుతాయి, వాటికేం కరువు అని. పశువులకి నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూది, ఆ కళేబరం తిన్న రాబందు కిడ్నీలు పాడై చచ్చిపోవడం, ఇదంతా బయటపడేసరికి కొన్ని జాతులు నూటికి 95 పైనే పోయాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో పక్షుల శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గారు 1980ల నుంచే గూళ్ళు లెక్కేసి పెట్టుకున్నారు కాబట్టి పడిపోయిన సంగతి చూపించగలిగారు. 2006లో పశువులకి ఆ మందు ఆపేశారు. మన పల్లెల్లో ఎన్ని ఉండేవో ఎవరైనా రాసి పెట్టారా? నేనూ రాయలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అమ్మాయికి ఫోన్ చేసి ఈ వారం ఎన్ని కనపడ్డాయమ్మా అని అడగండి చాలు.

ప్రశ్న: సార్, కొత్తపట్నం బీచ్‌లో ఎర్ర గద్దని చూశాను, ఫోటో పంపుతున్నా. రెడ్ కైట్ మన దగ్గరికి వచ్చిందా? (ఇంటర్ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: లేదు తమ్ముడూ, నువ్వు పంపింది మన గరుడ పక్షి. ఒళ్ళు ఇటుక రంగు, తల, ఎద తెల్లగా, రెక్క కొన నల్లగా. రెడ్ కైట్ తోక లోతుగా చీలి ఉంటుంది, చూడగానే కత్తెర గుర్తొస్తుంది, అది యూరప్ పక్షి, మన వైపు రాదు. గరుడ పక్షి తోక కొన గుండ్రం. మామూలు నల్ల గద్ద తోక కొంచెమే చీలినట్టు ఉంటుంది. ఒక చిక్కు ఉంది, గరుడ పక్షి పిల్లప్పుడు గోధుమ రంగులో ఉండి అచ్చం నల్ల గద్దలాగే కనపడుద్ది, కాబట్టి రంగు చూసి పేరు రాయొద్దు, తోక చూసి రాయి. ఫోటో మాత్రం బ్రహ్మాండంగా తీశావు, ఎగరతానే కాలు నోటి దగ్గరికి తెచ్చుకుని చేప తింటా ఉంది చూశావా, గద్దలు అట్టానే తింటాయి, దిగాల్సిన పని లేదు.

ప్రశ్న: అన్నా, మాది కోవూరు పక్కన పల్లె, మూడెకరాల వరి. ఎలుకల మందు పెడితే గద్దలు చస్తాయని మా అబ్బాయి స్కూల్లో విని వచ్చి గొడవ చేస్తా ఉన్నాడు. మందు పెట్టకపోతే పంట దక్కదు. ఏం చెయ్యమంటావు? (ఒక రైతు)

జవాబు: అబ్బాయి చెప్పింది నిజమే అన్నా, నువ్వు చెప్పిందీ నిజమే. నూకలు 96 పాళ్ళు, నూనె 2, బ్రోమోడయోలోన్ 2 పాళ్ళు కలిపి పెడతాం కదా, ఆ ఎలుక తిన్న వెంటనే చావదు, నాలుగైదు రోజులు నీరసంగా పట్టపగలే గట్టు మీద తూలతా తిరుగుద్ది, గద్దకి అంతకన్నా తేలిగ్గా దొరికే తిండి ఏముంటది? అట్టా ఒకటి తింటే ఏం కాకపోవచ్చు, పది తింటే మందు లివర్లో పోగవుద్ది. బ్రిటన్‌లో చచ్చిపోయి దొరికిన రెడ్ కైట్లని కోసి పరీక్ష చేస్తే ఈ రకం మందులు చాలావాటిలో కనపడ్డాయి. 2014లో స్కాట్లండ్‌లో కానన్ బ్రిడ్జ్ చుట్టుపక్కల 16 రెడ్ కైట్లు చచ్చి దొరికాయి, అది వేరే విషం అనుకో, కానీ చచ్చిన పక్షిని చూసి కబురు చెప్పేవాళ్ళు ఉండబట్టే బయటికొచ్చింది.

నువ్వు మందు మానేయమని నేను చెప్పను. ముందు రోజు బొరియలన్నీ మట్టితో మూసెయ్, తెల్లారి ఏవి తెరుచుకుని ఉన్నాయో వాటిల్లోనే పొట్లం లోపలికి నెట్టు, గట్టు మీద చల్లొద్దు. తర్వాత వారం రోజులు పొద్దున్నే పొలం చుట్టూ తిరిగి చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పూడ్చిపెట్టు, కాలవలో వెయ్యొద్దు. ఎలుకలు పట్టే యానాది వాళ్ళు మీ దగ్గర్లో ఉంటే వాళ్ళని పిలువు, వాళ్ళ బుట్టలకి మందు ఖర్చు ఉండదు, వాళ్ళకీ నాలుగు డబ్బులు. పొలంలో ఆంగ్ల టీ అక్షరంలాగా కర్రలు నాటితే రాత్రి గుడ్లగూబలు కూర్చుంటాయి, అయి ఎలుకల కోసమే వస్తాయి. ఏరే పని మీ అబ్బాయికి అప్పజెప్పొద్దు, చేతికి కవర్ తొడుక్కుని నువ్వే చెయ్.

ప్రశ్న: మేము ఒంగోల్లో డిగ్రీ చదువుతున్నాం, అయిదుగురం ఫ్రెండ్స్. ఆ వాలంటీర్ల లాగా మేము కూడా మన గద్దల్ని లెక్కపెట్టొచ్చా? మన జిల్లాలో ఇలాంటివి ఎప్పుడైనా జరిగాయా? ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఉత్తరం మూడు సార్లు చదివా. జరిగింది బాబూ, మన గడ్డ మీద చాలా జరిగింది. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ అనే దొర మన పక్షుల మీద రాసిన రాతలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఆయన పేరు మీదున్న కలివి కోడి 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనే అనుకున్నారు, 1986లో కడప జిల్లా లంకమల అడవి దగ్గర మళ్ళీ దొరికింది, దాన్ని పట్టుకొచ్చి చూపించింది అక్కడి ఊరి మనిషే. నేలపట్టులో గూడబాతుల్ని ఏటా లెక్కేస్తారు, అది ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మన మనసులో నెల్లూరే. జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్క జరుగుద్ది, అది 1987 నుంచి ఉంది, మీరు ఈసారి దాంట్లో కలవండి, పక్షుల్ని గుర్తుపట్టడం తెలిసినోళ్ళు అక్కడ దొరుకుతారు.

గద్దల సంగతి అయితే ఒక్క చోటు ఎంచుకోండి, చాలు. హార్బరో, చెరువు గట్టో, ఊరి డంపింగ్ యార్డో. నెలకి రెండు సార్లు, అదే టైము, అదే చోట నిలబడి గంట. పుస్తకంలో గరుడ పక్షి, నల్ల గద్ద, తెలీనివి అని రాసుకోండి. వచ్చినవన్నీ కూడొద్దు, ఒకేసారి ఆకాశంలో ఎన్ని ఎక్కువగా కనపడ్డాయో ఆ అంకె రాయండి, లేకపోతే ఒక్క గద్దే పది సార్లు తిరిగి పది గద్దలవుద్ది. గూడు కనపడితే డ్రోన్ ఎగరెయ్యొద్దు, చెట్టెక్కొద్దు, ఆ చెట్టు యాడుందో ఫోన్ స్టేటస్‌లో పెట్టొద్దు. గరుడ పక్షులు మన దగ్గర డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా గూడు కడతాయి, ఆ నెలలు అసలు వదులుకోవద్దు. పక్షుల లెక్కలు రాసుకునే ఈబర్డ్ యాప్‌లో కూడా ఎక్కించండి, కానీ కాగితం పుస్తకం పారెయ్యొద్దు.

ఒక సంగతి మీకు పనికొస్తుందని రాస్తున్నా. కావలి దగ్గర రొయ్యల చెరువుల మీద పక్షులు దిగకుండా నైలాన్ దారాలు కడతారు, ఒకరోజు పొద్దున ఒక గరుడ పక్షి ఆ దారానికి రెక్క చుట్టుకుని నీళ్ళకి జానెడు పైన వేలాడతా ఉంది. దగ్గరికి పోతే నోరు తెరిచి నన్నే చూస్తా ఉంది, కళ్ళ రంగు ముదురు తేనె రంగు అని నాకు ఆ రోజే తెలిసింది. చెరువు కాపలా ఉన్న కుర్రాడు తన లుంగీ విప్పి దాని తల మీద కప్పాడు, అంతే, కదలకుండా ఉండిపోయింది, వెలుతురు లేకపోతే అవి కంగారు పడవు. కాలి గోళ్ళు జాగ్రత్తగా పట్టుకుని బ్లేడుతో దారం కోశాం, నోట్లో నీళ్ళు పొయ్యలేదు, పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అట్టపెట్టెకి బొక్కలు పెట్టి అందులో ఉంచి ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చేశాం. ఆ కుర్రాడు ఇప్పుడు తన దారాలకి తెల్ల రిబ్బన్ ముక్కలు కట్టాడు, దూరం నుంచే దారం కనపడాలని, ఆ తర్వాత ఎప్పుడు ఏ పక్షి చిక్కుకున్నా తేదీ వేసి గోడ మీద బొగ్గుతో రాస్తున్నాడు. మొన్న పోయినప్పుడు చూశా, పోయిన ఏడాది గీతలు నాలుగు, ఈ ఏడాది ఒకటి.

మీ మొదటి నెల పేజీ ఫోటో తీసి నాకు పంపండి. సున్నా ఉన్నా సరే.