ఇతరుల కోసం ఎన్నాళ్లని ప్రార్థన చేయాలి?

అన్నయ్య కోసం ఆరేళ్లుగా ప్రార్థిస్తున్నాను, ఏ మార్పూ లేదు, ఇక మానేయనా అని అడిగారు. మానకండి. మా మామయ్య కోసం అమ్మ 19 ఏళ్లు చేసింది.

మాది గుంటూరు. అమెరికన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో వచ్చి మొదలుపెట్టిన లూథరన్ (ప్రొటెస్టెంట్) సంఘంలోనే తాతల కాలం నుంచీ ఉన్నాం. మామయ్య మిర్చి యార్డులో ఒక కొట్లో గుమాస్తా. సంపాదనంతా తాగుడికే. అత్తయ్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయాక మా ముందు గదిలో ఉండేవాడు. సీజన్లో అర్ధరాత్రి ఇంటికొస్తే, చొక్కాకంటిన మిరప ఘాటుకి మేం నిద్రలోనే తుమ్మేవాళ్లం.

అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకల్లా తల మీద ముసుగేసుకుని వంటింటి గచ్చు మీద మోకరించేది. పైకే, పేరు పెట్టి ప్రార్థించేది. ఒకరోజు మామయ్య గోడ అవతల నుంచి అరిచాడు, "అక్కా, ఇంకోసారి నా పేరెత్తావంటే ఇల్లొదిలి పోతా!" మర్నాడు అమ్మ గొంతు కాస్త తగ్గించింది. పేరు మాత్రం వదల్లేదు.

ఈ రోజుల్లో మూడు వారాల ఉపవాస ప్రార్థనకి జవాబు గ్యారంటీ అని చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. బైబిల్లో ఉపవాసమున్న దానియేలు ప్రవక్త దగ్గరికి దేవదూత 21 రోజులకి వచ్చాడు నిజమే, అందరికీ అదే గడువని ఎక్కడుంది? వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పెట్టి అంతటితో మర్చిపోయేవాళ్లూ అంతే. గుణదలలో ఉండే నా క్యాథలిక్ స్నేహితురాలు, వాళ్లు పునీతురాలిగా కొలిచే మోనికమ్మ గురించి చెప్పేది. కొడుకు అగస్టీను కోసం ఏళ్ల తరబడి ఏడ్చి ప్రార్థించింది. 387లో అతను జ్ఞానస్నానం తీసుకున్నాడు, ఆ ఏడాదే ఆవిడ కన్నుమూసింది.

బైబిల్లో లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో ఒక విధవరాలు తన న్యాయం కోసం న్యాయాధిపతి వెంట పడింది. నాకు మాత్రం 11వ అధ్యాయంలో అర్ధరాత్రి తలుపు కొట్టినవాడే ఇష్టం. అతను మూడు రొట్టెలు అడిగింది తన కడుపు కోసం కాదు, ఇంటికొచ్చిన స్నేహితుడి కోసం.

ప్రార్థన మొదలుపెట్టిన పదిహేనో ఏట అనుకుంటా, అమ్మకి టైఫాయిడ్ వచ్చి ఒక తెల్లవారుజామున లేవలేకపోయింది. ఐదింటికి ఎవరో తలుపు కొట్టారు. తీస్తే మామయ్య. కళ్లు ఎర్రగా ఉన్నాయి, లుంగీ సరిగ్గా కట్టుకోలేదు. "ఏమే, అక్కకేమైంది? గొంతు వినపడలేదు" అన్నాడు. అన్నేళ్లూ గోడ అవతల మెలకువగానే పడుకుని వింటున్నాడన్నమాట! తనే పరుగెత్తి ఆటో తెచ్చాడు, దారంతా అమ్మ చెయ్యి వదల్లేదు.

ఆ రోజే తాగుడు మానేశాడా అంటే, లేదు. ఇంకో నాలుగేళ్లు పట్టింది.

మీరూ అన్నయ్య పేరు పెట్టి చేయండి. "అందరినీ దీవించు ప్రభువా" అని ఊరుకోకండి. అమ్మ ఇప్పటికీ నాలుగున్నరకే లేస్తుంది. మామయ్య యార్డులో తనతో పనిచేసే ఇద్దరి పేర్లు కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆ ఇద్దరూ ఇంకా తాగుతూనే ఉన్నారు.