పాలు మంచివా, చెడ్డవా? ముందు ఆ పల్లి చెక్క సంచి విప్పి చూడండి

ప్రశ్న: మాకు నాలుగు ముర్రా బర్రెలున్నయి. రెండు పూటలు కలిపి 18 లీటర్లు కేంద్రంల పోస్తం. హైదరాబాద్‌ల చదివే మా చిన్నబిడ్డ పండుగకొచ్చి, పాలు దూడకు పుట్టినయి గాని మనిషికి కాదు, ఎముకలల్ల కాల్షియం గుంజుకపోతయి అని ఫోన్ల వీడియోలు చూపెట్టింది. తాగితే ఆమెకు కడుపు ఉబ్బరమైతది కూడా. మా అమ్మకు ఫ్లోరైడ్‌తోని కాళ్లు వంగినయి, ఆమెకు రోజూ గ్లాసు పాలు ఇస్తం. ఎనిమిది నెలల మనుమనికి నీళ్లు కలిపి పడతం. బర్రెలు తాగేది బోరు నీళ్లే, ఆ ఫ్లోరైడ్ పాలల్లకు వస్తదా? ఏ2 పాలకు గిరాకీ ఉన్నది, బర్రెలమ్మి దేశీ ఆవులు కొనుమని ఒకాయన అంటున్నడు. మొన్న ఒక బర్రెకు పొదుగు వాపొస్తే సూదులు వేయించినం, ఆ వారం ఇంట్ల పెరుగు తోడుకోలేదు. వానకు పల్లి చెక్క కొంచెం తడిస్తే ఎండబెట్టి పెడుతున్నం. పాలు తాగుడు మంచిదా, కాదా? ఒక్క మాటల చెప్పుండ్రి.
– ఒక పాడి రైతు, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: ఒక్క మాటలో చెప్పడం కుదరదు. మీ ఇంట్లోనే మీ అమ్మగారికి ఒక జవాబు, బిడ్డకు ఒకటి, మనుమడికి ఇంకొకటి ఉంది. అయితే వీడియోల సంగతి తర్వాత చూద్దాం. మీరు ఉత్తరం చివర రాసిన రెండు సంగతులు, పెరుగు తోడుకోకపోవడం, తడిసిన చెక్క, నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. మీ పాల మంచిచెడ్డలు అక్కడున్నాయి.

పెరుగు ఎందుకు తోడుకోలేదు? పాలు పెరుగయ్యేది తోడులో ఉన్న సూక్ష్మజీవుల వల్ల. పొదుగు వాపుకు వాడే సూదిమందులు, చన్నులోకి ఎక్కించే ట్యూబులు చాలావరకు యాంటీబయాటిక్స్. వాటి శేషం పాలలోకి దిగితే వాపు చేసిన క్రిములతో పాటు మీ తోడునూ చంపేస్తుంది. గిన్నెలో పాలు తెల్లారేదాకా పాలలాగే ఉంటాయి, లేదంటే నీళ్లు తేలి జారుగా ఉంటాయి. చలికాలమైతే చలికి తోడుకోలేదేమో అనుకోవచ్చు, తోడు పాతబడినా అట్లా జరగవచ్చు. వానాకాలంలో, అదీ సూదులు వేయించిన వారంలోనే అంటే నా అనుమానం మందు మీదే.

కాగబెడితే ఈ శేషాలు పూర్తిగా పోవు. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ పాలు తాగితే ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు. మిగతావాళ్లకు ఆ పూట ఏమీ అనిపించకపోవచ్చు గానీ, కొద్దికొద్దిగా మందు ఒంట్లోకి పోతుంటే క్రిములు ఆ మందుకు అలవాటు పడతాయి. రేపు నిజంగా జ్వరమొచ్చిన రోజున అదే మందు పని చేయదు. అందుకే ప్రతి మందు డబ్బా మీద ఆఖరి సూది తర్వాత ఎన్ని రోజులు పాలు వాడకూడదో రాసి ఉంటుంది. మందును బట్టి మూడు రోజులు, ఐదు రోజులు, కొన్నిటికి వారం, ఇంకా పైన కూడా. సూది వేసిన డాక్టరును ఆ లెక్క అడిగి గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టుకోండి. ఒక్క చన్నుకే ట్యూబు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పక్కన పెట్టాలి. దూడకూ పట్టొద్దు. మన ఊళ్లలోని పాల కేంద్రాల్లో రోజూ చూసేది ఎక్కువగా వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న, నీళ్లు పోగా మిగిలే ఘనపదార్థం). మందు శేషం ఆ యంత్రానికి అందదు. మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఐదారు రోజుల పాలు పారబోయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా పారబోయాల్సిందే.

ఇక చెక్క. సంచిలోంచి ఒక ముక్క తీసి మధ్యకు విరవండి. మంచి పల్లి చెక్క విరిగిన చోట ఒకే రంగులో ఉంటుంది, వేయించిన పల్లీల వాసన వస్తుంది. పగుళ్లలో పచ్చగా, పసుపుపచ్చగా పొడి కనబడినా, ముక్కిన వాసన కొట్టినా అది ఆస్పర్జిల్లస్ అనే బూజు కావచ్చు. ఆ బూజు అఫ్లాటాక్సిన్ బీ1 అనే విషాన్ని తయారు చేస్తుంది. ఎండబెడితే బూజు ఆగిపోతుంది గానీ, అప్పటికే చెక్కలో చేరిన విషం అట్లాగే ఉంటుంది. బర్రె తిన్నాక ఆ విషంలో కొంత భాగం కాలేయంలో అఫ్లాటాక్సిన్ ఎం1 అనే ఇంకో రూపంగా మారి, ఒక్క రోజులోనే పాలలో కనబడుతుంది. మళ్లీ మళ్లీ కాచినా పోదు, పెరుగు చేసినా పోదు. ఇది కాలేయానికి హాని చేస్తుంది, క్యాన్సర్ కారకాల్లో ఒకటి. అందుకే మన ఆహార భద్రతా నిబంధనల్లో కిలో పాలకు 0.5 మైక్రోగ్రాము మించకూడదని హద్దు పెట్టారు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు, అందులో సగం. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు పల్లీ మన పంటే, చెక్క చవకగా దొరుకుతుంది. అందుకే ఈ జాగ్రత్త మనకు మరీ అవసరం.

ఒక మేలేమిటంటే, బూజు మేత ఆపేసిన మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి. తడిసిన సంచి మొత్తం తీసేయండి. మేకలకో కోళ్లకో వేద్దామనుకోవద్దు, కోళ్లు ఈ విషానికి ఇంకా తొందరగా పడిపోతాయి. గొయ్యి తీసి పూడ్చండి. కొత్త చెక్క వచ్చేదాకా తవుడు, మక్క పిండి, కంది పొట్టుతో నడపండి. పాలు కొంత తగ్గుతాయి, తగ్గనివ్వండి. కొత్త సంచులను నేల మీద కాకుండా బల్ల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. కంటికి బూజు కనబడలేదంటే విషం లేదని కాదు, అందుకే వానాకాలంలో నెలల తరబడి నిలవ చేయకుండా పదిహేను రోజులకు సరిపడా తెచ్చుకోండి.

ఇప్పుడు మీ బిడ్డ మాట. ఆమె చెప్పిందంతా తప్పు కాదు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైము పసితనంలో అందరికీ ఉంటుంది, పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది. ఉత్తరాదితో పోలిస్తే మన దక్షిణాదిలో అట్లాంటివాళ్లు ఎక్కువ. కడుపు ఉబ్బడం, గుడగుడలాడటం అందుకే. ఆమెను బలవంతం చేయకండి. తోడు పెట్టినప్పుడు లాక్టోజ్ కొంత ఖర్చయిపోతుంది, నీళ్లు పోసి చిలికితే ఇంకా పలచబడుతుంది. గ్లాసు పాలు పడని మనిషికి గ్లాసు సల్ల సాధారణంగా పడుతుంది. అదీ వద్దంటే రాగులున్నాయి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు తాగకుండా బతకలేమన్నది ఎంత అబద్ధమో, పాలు విషమన్నది అంతే అబద్ధం.

దూడ పాలు మనిషికెందుకు, ఏ జంతువూ పెద్దయ్యాక పాలు తాగదు కదా అంటారు. ఏ జంతువూ జొన్నరొట్టె కాల్చుకోదు, పచ్చిపులుసు కలుపుకోదు. దాన్ని వాదనగా తీసుకోలేం. కాల్షియం గుంజుకుపోతాయన్న మాటకు ఒక మూలం ఉంది. ప్రొటీన్ ఎక్కువ తింటే మూత్రంలో పోయే కాల్షియం కొంచెం పెరుగుతుంది. కానీ అదే సమయంలో పేగు లోపలికి తీసుకునేది కూడా పెరుగుతుందని తర్వాత తేలింది. మొదటి సగం మాత్రమే వీడియోల్లో మిగిలింది.

శాస్త్రవేత్తల్లోనూ తకరారు ఉంది, దాచను. 2014లో స్వీడన్‌లో వచ్చిన అధ్యయనంలో రోజుకు మూడు గ్లాసులు, ఆపైన పాలు తాగే ఆడవాళ్లలో తుంటి ఎముక విరగడం, మరణాలు ఎక్కువగా కనిపించాయి. పెరుగు రకాలు తినేవాళ్లలో అట్లా కనిపించలేదు. ఇది పాల వల్లనే అని దాన్ని బట్టి తేల్చలేమని ఆ పరిశోధకులే రాశారు. 2018లో మన దేశం సహా 21 దేశాల వాళ్లను గమనించిన ఇంకో పెద్ద అధ్యయనంలో పాల పదార్థాలు తీసుకునేవాళ్లలో గుండెజబ్బులు, మరణాలు తక్కువగా ఉన్నాయి. రెండూ జనాన్ని గమనించి చెప్పినవే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో పెద్దవాళ్ల రోజువారీ పళ్లెంలో పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. నేనూ అదే చెబుతాను. లీటర్లకు లీటర్లు అక్కర్లేదు. బర్రె పాలలో వెన్న ఆరేడు శాతం, అదీ గుండెకు అంత మంచిది కాని రకం కొవ్వు ఎక్కువ. మీకు బీపీ, కొలెస్ట్రాల్ ఉంటే కాచి చల్లార్చాక మీగడ తీసేసి తాగండి.

మనుమడికి మాత్రం ఈ రోజే ఆపండి. ఏడాది నిండేదాకా తల్లిపాలే ప్రధానం, వాటితో పాటు ఉగ్గు, మెత్తగా ఉడికించిన పప్పన్నం, గుడ్డు. బర్రె పాలలో ఇనుము దాదాపు లేదు, పైగా ఆ ప్రొటీన్, లవణాల బరువు పసి మూత్రపిండాలకు ఎక్కువ. నీళ్లు కలిపితే బలం తగ్గుతుంది, రక్తహీనత మిగులుతుంది. తల్లిపాలు చాలకపోతే పిల్లల డాక్టరును అడగండి. అన్నంలో రెండు చెంచాల పెరుగు కలిపితే ఫరవాలేదు.

మీ అమ్మగారి గ్లాసు మాత్రం ఆపకండి. పాలలోని కాల్షియం పేగులోనే ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని రక్తంలోకి పోకుండా కొంత అడ్డుతుంది. నల్లగొండ ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగడం, ఎముకలు గుల్లబారడం గురించి పోషకాహార సంస్థ వాళ్లు 1973లోనే రాశారు. కాల్షియం తక్కువ తినేవాళ్ల మీదే ఆ నీళ్ల దెబ్బ ఎక్కువ. వంగిన కాళ్లు పాలతో నిటారుగా కావు, ఆ ఆశ పెట్టొద్దు. ఆమె తాగే నీళ్లు, వండే నీళ్లు కూడా మిషన్ భగీరథ నల్లా నీళ్లే కావాలి.

బర్రె తాగే ఫ్లోరైడ్ పాలలోకి వచ్చేది చాలా స్వల్పం. దాని ఎముకల్లోకి, పళ్లలోకి పోతుంది, మిగిలింది మూత్రంలో వెళుతుంది. అంటే మీ పాలకు భయం లేదు గానీ బర్రెకు ఉంది. పళ్లు గోధుమరంగు చారలు పడి అరిగిపోతే మేత నమలలేదు, లేవడానికి కుంటుతుంది. వీలైతే దూడలకైనా మంచి నీళ్లు పెట్టండి.

బర్రెలమ్మి ఆవులు కొనమన్నాయనకు ఒక మాట చెప్పండి: ఏ2 అంటే పాలలోని బీటా కేసిన్ అనే ప్రొటీన్‌లో ఒక రకం, బర్రె పాలు ఎప్పుడూ ఆ రకమే. ఆ పేరుతో ఎక్కువ డబ్బు పెట్టి కొనేవాళ్లకు మేలు జరుగుతుందని గట్టి రుజువు ఇప్పటిదాకా లేదు. 2024 ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ ప్యాకెట్ల మీద ఏ2 అన్న రాతలు తీసేయమని చెప్పి, వారం తిరగకుండానే ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది.

మీరు రాయకపోయినా చెబుతున్నా: గుమ్మపాలు బలమని పచ్చిగా తాగొద్దు. నెలలు నిండకుండా ఈసుకుపోయిన బర్రె పాలలో బ్రూసెల్లా అనే క్రిమి ఉండవచ్చు, వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది. ఒక పొంగు రానిస్తే చాలు. పెయ్య దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒక్కసారి బ్రూసెల్లా టీకా వేయించండి.

ఇక ఆ వాపు బర్రె. పొదుగు మెత్తబడి, డబ్బా మీద రాసిన రోజులు దాటాక దాని పాలను మాత్రమే వేరే గిన్నెలో కాచి, గోరువెచ్చగా అయ్యాక మంచి తోడు వేయండి. పక్కనే ఇంకో బర్రె పాలకు అదే తోడు. రెండూ ఒకే తీరుగా గట్టిపడితే క్యానులో కలపండి. రోజులు దాటకముందే తోడుకుంటే మాత్రం దాన్ని నమ్మొద్దు, కొన్ని మందులు తోడును ఆపవు.