డాక్టర్ సలహా: స్టెంట్ వేయించుకున్నవారు మోకాళ్ల నొప్పికి ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 56. మాది తాడిపత్రి దగ్గర పల్లె. మోకాళ్లు అరిగాయని ఎక్స్‌రేలో తేలింది. మెడ, నడుము కూడా పట్టేస్తున్నాయి. షుగర్ ఉంది, నిరుడు గుండెకు స్టెంట్ వేశారు, నొప్పి మాత్రలు వద్దన్నారు. సూదుల వైద్యం చేయించుకోమని బంధువులు చెబుతున్నారు. భయం లేదా?

జవాబు: నొప్పి మాత్రలు వద్దనడం సబబే. స్టెంట్ కోసం వాడే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లకు డైక్లోఫెనాక్ వంటివి తోడైతే కడుపులో రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది. కాబట్టి ఆక్యుపంక్చర్‌ను ప్రయత్నించడంలో తప్పు లేదు గానీ, అరిగిన మృదులాస్థిని (కీలులో ఎముకల మధ్య మెత్తగా ఉండే పొరను) అది తిరిగి పెంచదు; చేస్తే గీస్తే కొంతకాలం నొప్పిని తగ్గిస్తుంది. మోకాళ్ల అరుగుదలకు దీన్ని ప్రయత్నించవచ్చని అక్కడి కీళ్ల వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో షరతులతో చెప్పగా, బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో వద్దంది. మామూలు వైద్యంతో పోలిస్తే నొప్పి తగ్గుతున్నా, ఉత్తుత్తిగా సూదులు గుచ్చిన వారితో పోలిస్తే కనిపించే తేడా స్వల్పం కావడమే ఈ భిన్నాభిప్రాయానికి మూలం.

సూదులంటే ఇంజెక్షన్ సూదుల్లా ఉండవు. లోపల బోలు లేకుండా, సుమారు పావు మిల్లీమీటరు మందంతో ఉంటాయి. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు, ఆ తర్వాత లోపల బరువుగా లాగుతున్నట్టు అనిపిస్తుంది. పడుకోబెట్టి సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలు ఉంచి తీసేస్తారు. సీలు వేసిన ప్యాకెట్‌ను మీ కళ్లెదుటే చింపి, ఒక్కసారి వాడి పారేసే సూదులనే గుచ్చాలి. ఉడకబెట్టి మళ్లీ వాడతామన్నచోట కూర్చోకుండా లేచి రండి.

మీ విషయంలో నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది మందుల దగ్గరే. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నట్టు మొదటిరోజే చెప్పండి. సూది తీసినచోట కాసేపు నొక్కిపట్టడం, లోతుగా గుచ్చకపోవడం వంటి జాగ్రత్తలు వారు తీసుకుంటారు. అంతేగానీ, సూదుల కోసమని ఆ మాత్రలను ఒక్కపూట కూడా మానకండి. స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. షుగర్ మాత్ర వేసుకొని పరగడుపున వెళ్లినా కళ్లు తిరగవచ్చు, ఏదైనా తినే వెళ్లండి. పాదాల్లో స్పర్శ తగ్గినా, పుండు ఉన్నా అక్కడ గుచ్చనివ్వకండి. సూదులకు కరెంటు పెట్టే పద్ధతి పేస్‌మేకర్ ఉన్నవారికి పనికిరాదు. స్టెంట్‌కు ఆ ఇబ్బంది లేకున్నా, ముందు మీ గుండె వైద్యుణ్ని అడగండి.

మెడ, నడుము పట్టేయడం సంగతి వేరుగా చూడాలి. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి అవే తాగినవారికి వెన్ను బిగుసుకుపోవచ్చు, దానికి సూదులు విరుగుడు కావు. మీ తాగునీటిని పరీక్ష చేయించి, వెన్ను, ముంజేతి ఎక్స్‌రేలు ఒకసారి ఎముకల వైద్యుడికి చూపించండి.

వారానికి ఒకటి రెండుసార్ల చొప్పున ఆరు సిట్టింగులు చాలు. అప్పటికీ మెట్లెక్కడంలో, కింద కూర్చొని లేవడంలో తేడా కనిపించకపోతే అక్కడితో ఆపి, ఆ డబ్బుతో ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ కండరాల వ్యాయామాలు నేర్చుకోండి.