ఇంట్లోవాళ్ల సంతకం అక్కర్లేదు చెల్లీ

ఇరవై ఏళ్లు, పెళ్లి కాలేదు, గర్భం ఆరో వారం. ఆసుపత్రిలో ఇంట్లోవాళ్ల సంతకం అడుగుతారన్న భయంతో గాజువాకలో మెడికల్ షాపు నుంచి గర్భం తీయించే మాత్రలు తెచ్చుకోనా అని అడిగావు. దయచేసి ఆ పని చేయకు. గర్భం ట్యూబులో ఉంటే మాత్రలు పనిచేయవు, ప్రాణానికే ముప్పు. అందుకే ముందు స్కాన్.

పద్దెనిమిది నిండితే నీ ఒక్కదాని సంతకం చాలు. నీ వివరాలు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం సరిపోతుంది, పెళ్లికానివాళ్లకు కూడా. తొమ్మిది వారాల లోపు డాక్టర్ పర్యవేక్షణలో మాత్రలతోనే అవుతుంది. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో గానీ, వన్‌టౌన్‌లో ఘోషాసుపత్రిలో గానీ గైనిక్ ఓపీకి వెళ్లు. చివరి నెలసరి మొదలైన తేదీ కాగితం మీద రాసుకో, టెన్షన్‌లో గుర్తురాదు. మాత్రలు వేసుకున్నాక వరుసగా రెండు గంటలు, గంటకు రెండేసి ప్యాడ్లు తడిసిపోతే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

కనాలనిపిస్తే అదీ నీ హక్కే. పెంచలేననుకుంటే బిడ్డను శిశు సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. ఆ అబ్బాయి గానీ, ఇంకెవరు గానీ ఏ వైపుకీ బలవంతపెట్టకూడదు.

ఒంటరిగా వెళ్లాలంటే భయమైతే చెప్పు, మర్రిపాలెం నుంచి నేనొస్తాను.