సముద్రం లేని జిల్లా నుంచి సముద్రపు చదువుకు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. తీరం దగ్గర సముద్రంలో ఇసుక, ఒండ్రు ఎటు కదులుతాయో, ఎక్కడ మేట వేస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే చదువు చదువుతానంటోంది. ఉద్యోగాలుంటాయా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: సముద్రం మీకు దూరమే కానీ, ఆ ఒండ్రు మీ పక్కనుంచి పోయేదేనండీ. నాగార్జునసాగర్ కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 312కు తగ్గింది. అక్కడ ఆగిన మట్టి డెల్టాకు చేరదు, అలలేమో తీరాన్ని కోయడం మానవు. విశాఖలోనూ అంతే. ఉత్తరానికి కదిలే ఇసుకకు హార్బర్ గోడలు అడ్డుపడటంతో ఆర్కే బీచ్ కోతకు గురైంది. డ్రెడ్జర్లతో ఇసుక తోడి అక్కడ పోయాల్సి వస్తోంది. ఎంత పోయాలి, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది ముందే చెప్పడమే మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని.

సముద్రాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో అలల, ఆటుపోట్ల బలం లెక్కిస్తారు. నీటి ఒరిపిడి ఒక హద్దు దాటితే అడుగునున్న ఇసుక కదులుతుంది. బంకమట్టి తీరు వేరు. ఉప్పునీటిలో దాని రేణువులు అతుక్కుని, ముద్దలై త్వరగా దిగిపోతాయి. వచ్చిన లెక్కను తీరంలో కొలిచిన కొలతలతో సరిచూసేదాకా ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఉద్యోగాల మాట దాచను. పోస్టులు తక్కువ, మొదట్లో చాలావరకు కాంట్రాక్టు ప్రాజెక్టులే. బీటెక్ ఒక్కటే చాలదు. గేట్ రాసి ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజనీరింగ్‌కో, సూరత్కల్ ఎన్ఐటీకో ప్రయత్నించాలి. ఆ తర్వాత చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ), ఎన్‌సీసీఆర్ (జాతీయ తీర పరిశోధన కేంద్రం), పుణెలోని సీడబ్ల్యూపీఆర్ఎస్ (కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం), పోర్టులకు పనిచేసే కన్సల్టెన్సీలు ఉన్నాయి. హైదరాబాద్‌లోనే సముద్ర సమాచారం అందించే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ ఉంది, ఇంటర్న్‌షిప్ కోసం అడగనివ్వండి. ఏడాదిలోపే జీతం రావాల్సిన ఇల్లయితే మాత్రం ఈ దారి కష్టం.

ఇప్పటినుంచే ఫ్లూయిడ్ మెకానిక్స్ గట్టిగా చదవాలి, పైథాన్ నేర్చుకోవాలి. ఈ లెక్కలు కట్టే డెల్ఫ్ట్3డీ అనే నెదర్లాండ్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్సులో దొరుకుతుంది. అంతకన్నా ముందు ఒక పని చేయమనండి. వానాకాలంలో వాడపల్లి దగ్గర, మూసీ కృష్ణలో కలిసేచోట, బురదనీళ్లు పట్టి రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో ఉప్పు కలపాలి. మట్టి దిగడానికి పట్టిన సమయం రాసుకుని, నీటిలో రేణువు ఎంత వేగంగా దిగుతుందో చెప్పే స్టోక్స్ సూత్రంతో తాను కట్టిన లెక్కతో పోల్చాలి. రెండూ సరిగ్గా కలవవు. ఎందుకు కలవలేదో తేల్చుకోవాలని ఆ రాత్రి తనంతట తానే పుస్తకం ముందు కూర్చుంటే, సందేహించకుండా పంపండి.